నీళ్ళు లేని ఊరోళ్ళం, తెరచాప పడవలో ఐదు రోజులు

గాలి శబ్దం వినపడతా ఉంటే ఏమీ అనుకోవద్దు. మైకుకు స్పాంజి తొడిగినాం గానీ ఈ గాలి దానికి లొంగేది కాదు. శివరాత్రికని ఊరికొచ్చినా. చిలమత్తూరులో మా మిద్దె మీద కూర్చుని మాట్లాడుతుండా. హైదరాబాదు నుంచి బెంగళూరుకు కారులో పోయినోళ్ళు కొడికొండ చెక్‌పోస్టు దాటింటారు కదా, ఆ మండలమే మాది.

సంగతేమంటే, పోయిన ఏడు జూన్‌లో తీసిన ఒక ఫోటో ఉంది. తెల్లటి పడవ, పెద్ద చక్రం లాంటి స్టీరింగు, దాని ఎనకాల నల్లద్దాలు పెట్టుకుని నేను. ఆ ఫోటో ఫోన్ ఫోన్ తిరిగి మా చిన్నాయన దగ్గరికి వచ్చేసరికి 'అమెరికాలో మనోడు యాట్ కొన్నాడు' అని అయిపోయింది. టీ అంగడి కాడ కూడా అదే మాట. అందుకే ఈ ఎపిసోడ్. కొనలేదప్పా. నలుగురం కలిసి ఐదు రోజులకు అద్దెకు తీసుకున్నాం. మనిషికి ఆరువందల డాలర్ల చిల్లర పడింది బాడుగ. డబ్బుల లెక్క ముందే ఎందుకు చెప్తుండానో తర్వాత తెలుస్తుంది.

నలుగురమూ హిందూపురంలో ఇంటర్ కలిసి చదువుకున్నోళ్ళం. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊరి పేర్లతోనే చెప్తా, మేము పిలుచుకునేది కూడా అట్లే. హిందూపురమోడు, ధర్మవరమోడు, పెనుకొండోడు, చిలమత్తూరోణ్ణి నేను. అందరం అమెరికాలో సాఫ్ట్‌వేర్ పని చేసుకునేటోళ్ళం, అప్పటికి. ఈ కెమెరా పట్టుకున్నది పెనుకొండోడే. వాడి గురించి చెప్పబోయేదంతా వాడు ఒప్పుకున్నాకే చెప్తుండా. ఏమప్పా, సరేనా? చెయ్యి ఊపుతుండాడు. సరేనంట.

యాట్ అనంగానే మనకు సినిమా పాట గుర్తొస్తుంది. మూడంతస్తుల తెల్ల ఓడ, పైన ఈతకొలను, చుట్టూ డాన్సర్లు. మేము తీసుకున్నది 34 అడుగుల తెరచాప పడవ. లోపలికి దిగితే ఆర్టీసీ బస్సులో సగం అంత జాగా. అందులోనే రెండు చిన్న గదులు, ఒక గ్యాస్ స్టవ్వు, మ్యాపులు పరుచుకునే బల్ల, మోకాళ్ళు గోడకు తగిలే మరుగుదొడ్డి. దానికి మన బోరింగు మాదిరి చేతిపంపు ఉంటుంది. పని అయినాక ఇరవైసార్లు కొట్టాల. అది నీళ్ళలోకి వదలకూడదు, పడవలోని ట్యాంకులోకి పోతుంది, రేవులో మెషిన్ పెట్టి లాగించుకోవాల. మూడో రోజుకు ఆ ట్యాంకు వాసన ఎట్లుంటుందో నేను చెప్పను. హిందూపురమోడు మాత్రం ఐదు రోజులూ చెప్తానే ఉన్నాడు.

మేము పోయిన చోటు చెసపీక్ బే. అమెరికా తూర్పు తీరంలో, వాషింగ్టన్ పక్కన, సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చిన పెద్ద ఖాతం. పొడవు 320 కిలోమీటర్ల దాకా ఉంటుంది, లోతు మాత్రం సగటున 21 అడుగులే. మన పాత బావులు దానికన్నా లోతు. అడుగున రాయి తక్కువ, మెత్తటి బురద. అందుకే కొత్తగా నేర్చుకునేటోళ్ళకు మంచిదంటారు, యాడన్నా పడవ అడుగు తగిలి ఆగిపోయినా పగలదు, పరువే పోతుంది. ఒడ్డు పొడుగునా నదులు, వాగులు, చిన్న చిన్న ఊర్లు. ఊరూరికీ ఒక యాట్ క్లబ్బు ఉన్నట్టే.

పడవ నడపడం మాలో ధర్మవరమోడికే వచ్చు. వాడు బాల్టిమోర్‌లో ఉంటాడు. రెండేళ్ళు వారాంతాల్లో కూర్చుని నేర్చుకున్నాడు. అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్ కోర్సులని ఉంటాయి, 101 అంటే మొదటి పాఠం, 103 అంటే తీరం వెంబడి పోవడం, 104 పాసైతే కెప్టెన్ లేకుండా పడవను మన చేతికి అద్దెకిచ్చే అవకాశం ఎక్కువ. పైగా మేరీల్యాండ్ రాష్ట్రంలో 1972 జూలై 1 తర్వాత పుట్టినోళ్ళు మోటారున్న పడవ నడపాలంటే బోటింగ్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాల. డబ్బు కట్టేసి ఎక్కి పోయేది కాదు.

వాడు ఎందుకు ఈ పిచ్చిలో పడినాడని అడిగితే చెప్పిన జవాబు నాకు శానా నచ్చింది. వాళ్ళ నాయన మగ్గం నేసేటోడు. ధర్మవరం పట్టుచీరలు. చిన్నప్పట్నుంచీ పడుగు, పేక, బిగువు, ఇవే మాటలు ఇంట్లో. 'గుడ్డను పడుగు వైపు లాగితే సాగదు, పేక వైపు లాగినా పెద్దగా సాగదు, ఐమూలగా లాగితే సాగుతుంది. తెరచాప కూడా గుడ్డే కదరా. గాలి బలం ఐమూలగా పడితే చాప రూపం చెడిపోతుంది. అందుకే దాన్ని ఒకే తానులా కాకుండా ముక్కలు ముక్కలుగా, బలం యాడికి పోతుందో చూసి కుడతారు' అన్నాడు. మొదటిరోజు చాప ఎత్తినాక వాడు తాడు మీద చెయ్యేసి, పైకి చూస్తా, కొంచెం వదిలి, కొంచెం బిగించి... అచ్చం వాళ్ళ నాయన మగ్గం ముందు కూర్చున్నట్టే ఉన్నాడు.

అన్నాపొలిస్ నుంచి బయల్దేరినాం. అమెరికా నేవీ అకాడమీ ఉన్న ఊరు అది. అక్కడి యాట్ క్లబ్బు 1886 నాటిది. ఎండాకాలంలో ప్రతి బుధవారం సాయంత్రం పడవల పందేలు పెడతారు, ఊరి మధ్య దాకా చాపలు ఎత్తుకుని దూసుకొస్తాయి, జనం బ్రిడ్జి మీద నిలబడి చూస్తారు. మేము అది చూసి మురిసిపోయి, మర్నాడు పొద్దున్నే ఏడుకు బయటపడినాం.

ఇప్పుడు నా తప్పులు మొదలవుతాయి. నేను వృత్తిరీత్యా ప్రాజెక్ట్ మేనేజర్ని. ఐదు రోజులకూ గంట గంటకూ షీటు తయారుచేసినా. 7 గంటలకు బయల్దేరుట, 11 గంటలకు లైట్‌హౌస్ దాటుట, మధ్యాహ్నం 1 గంటకు సెయింట్ మైకేల్స్ చేరుట. రంగులు కూడా వేసినా. ధర్మవరమోడు దాన్ని చూసి ఏమీ అనలేదు, 'బాగుంది' అన్నాడు అంతే.

పొద్దున తొమ్మిదికి గాలి ఆగిపోయింది. పూర్తిగా. చాప ఎండేసిన పంచెలాగ వేలాడతా ఉంది. మా కుడి చేతి వైపు థామస్ పాయింట్ లైట్‌హౌస్ కనపడతా ఉంది, 1875లో నీళ్ళ మధ్యలో ఇనుప కాళ్ళ మీద కట్టిన ఆరుమూలల ఇల్లు, ఎర్ర కప్పు. మొదట అందంగా ఉందనుకున్నాం. గంట తర్వాత చూసినా అక్కడే ఉంది. రెండు గంటల తర్వాత కూడా అక్కడే. నాకు ఒళ్ళు మండిపోయింది. 'ఇంజన్ వెయ్యి' అన్నా. వాడు 'ఎందుకు?' అన్నాడు. 'లేటవుతుంది.' 'దేనికి?' ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, షీటు తప్ప.

ఆ రెండు గంటల్లో పెనుకొండోడు ఒక పని చేసినాడు. నీళ్ళలో దారి చూపించే స్తంభాలుంటాయి, ఎర్ర బోర్డులు, పచ్చ బోర్డులు. వాటి మీద ఆస్ప్రే అనే డేగలు పుల్లలు పేర్చి గూళ్ళు పెడతాయి. మార్చిలో దక్షిణం నుంచి వస్తాయి, పిల్లలు ఎగిరేదాకా ఉండి చలికి ముందే తిరిగి పోతాయి. ఒక గూడు దగ్గరగా కనపడతా ఉంటే వాడు అట్లే చూస్తా కూర్చున్నాడు. తల్లి చేపను చీల్చి పిల్లల నోట్లో పెడుతోంది. 'మీ వీరాపురం గుర్తొస్తుంది రా' అన్నాడు నాతో. తెలీనోళ్ళకు చెప్తా, వీరాపురం మా మండలంలోని ఊరే. ఏటేటా పెద్ద కొంగలు వచ్చి ఊరి మధ్యన చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి. మావోళ్ళు సైబీరియా పక్షులంటారు గానీ అవి మన దేశపు ఎర్రకాళ్ళ కొంగలే. ఊరోళ్ళు వాటిని ఇంటికొచ్చిన ఆడబిడ్డల్లాగ చూసుకుంటారు, రాయి వెయ్యనీరు. నేను చిన్నప్పుడు సైకిల్ మీద పోయి చూసినోణ్ణే. కానీ ఆ పొద్దు నేను ఫోన్లో షీటు మార్చుకుంటా ఉన్నా. పక్షిని సరిగ్గా చూడనేలేదు.

పదకొండున్నరకు దక్షిణం నుంచి నీళ్ళ మీద ఒక నల్లటి గీత వచ్చింది. గాలి వచ్చేది ముందు నీళ్ళ మీద కనపడుతుంది, అది నాకు కొత్త. రామగిరి కొండ మీద గాలిమరలు చూస్తా పెరిగినోళ్ళం మేము, గాలి అంటే దుమ్ము అనే తెలుసు. గీత మా దాకా వచ్చింది, చాప టప్పున నిండింది, పడవ ఒక పక్కకు వంగింది. హిందూపురమోడు 'యో యో యో' అని అరిచినాడు. ధర్మవరమోడు నవ్వి, 'ఇది పడదప్పా, అడుగున కీల్ అని బరువైన రెక్క ఉంది' అన్నాడు.

గాలికి ఎదురుగా పడవ ఎట్ల పోతుందని మీకు డౌటు రావచ్చు, నాకూ వచ్చింది. నేరుగా ఎదురుగా పోలేదు. గాలికి ఓ 45 డిగ్రీల పక్కకు తిరిగి పోతుంది, కాసేపు ఎడమకు, కాసేపు కుడికి, మన ఘాట్ రోడ్డు మాదిరి. గాలి చాపను పక్కకు తోస్తుంది, కింద కీల్ పక్కకు పోనియ్యదు. రెండింటి మధ్య నలిగి పడవ ముందుకు జారుతుంది. తడి సీతాఫలం గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడండి. అంతే సంగతి.

వేగం ఎంతనుకుంటిరి? ఐదారు నాట్లు. అంటే గంటకు పది కిలోమీటర్లు. సైకిల్ తొక్కేటోడు మమ్మల్ని దాటేస్తాడు. హైవే మీద వందకు తగ్గకుండా పోయేటోణ్ణి, ఆ పది కిలోమీటర్లకు అరిచి గోల చేసినా.

సెయింట్ మైకేల్స్ చేరేసరికి సాయంత్రం ఐదు. నాలుగు గంటలు లేటు, ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడంతా అక్కడే. ఆ ఊళ్ళో పడవల మ్యూజియం ఉంది, 1879 నాటి ఒక లైట్‌హౌస్‌ను అట్లే తెచ్చి ఒడ్డున పెట్టినారు, లోపలికి ఎక్కి చూడొచ్చు. పాత చేపల పడవలు, ఆల్చిప్పలు పట్టే స్కిప్‌జాక్ పడవలు. అది ఒక రోజు మొత్తం పెట్టి చూడాల్సిన చోటు, పోతే తప్పకుండా చూడండి, దాని గురించి ఇంతకన్నా చెప్తే ఎపిసోడ్ అయ్యేది లేదు.

యాట్ క్లబ్బుల గురించి చెప్పాల. ఆ పేరు వింటే కోటు, టై, గేటు దగ్గర మనల్ని ఆపేటోడు, ఇట్లాంటివి ఊహించుకుంటాం. పెద్ద క్లబ్బుల్లో అది కూడా ఉంటుందేమో. మేము ఆగిన రెండూ చిన్నవి. ఎట్ల రానిచ్చినారంటే, ధర్మవరమోడు బాల్టిమోర్ దగ్గర ఒక చిన్న క్లబ్బులో మెంబరు. ఒక క్లబ్బు మెంబర్లను ఇంకో క్లబ్బు అతిథులుగా చూసుకునే ఒప్పందాలుంటాయి. ముందే ఫోన్ చేసి అడగాల. పడవ మీద మన క్లబ్బు జెండా, మూడుమూలల చిన్నది, ఎగరేస్తే దూరం నుంచే గుర్తుపడతారు. ఒడ్డుకు రాంగానే ఎవరో ఒకరు వచ్చి తాడు అందుకుంటారు. ఎవరైనా సరే. మా తాడు అందుకున్నది డెబ్భై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ. అందుకుని, ముడేసి, స్నానాల గది యాడుందో చూపించి, తర్వాత అడిగింది మేము ఎవరమని. సాయంత్రం వరండాలో చెక్క కుర్చీలు, అందరూ నీళ్ళ వైపు చూస్తా కూర్చుని రేపు గాలి ఎట్లుంటుందో మాట్లాడుకుంటారు. మా ఊరి రచ్చకట్ట మీద వాన గురించి మాట్లాడుకునేటట్టే. తేడా ఒకటే, వాళ్ళకు నీళ్ళు ఎదురుగానే ఉండాయి.

ఆమె మీ ఊళ్ళో సముద్రం ఎంత దూరమని అడిగింది. హిందూపురమోడు 'సముద్రం సంగతి వదిలెయ్యమ్మా, మా చెరువు ఐదేళ్ళకోసారి నిండితే మేము మేకను కోస్తాం' అని ఇంగ్లీషులో చెప్పినాడు. ఆమెకు అర్థమైందో లేదో గానీ నవ్వింది.

ఇంక అసలు విషయం. పెనుకొండోడు. ప్రయాణం మొదలైనప్పట్నుంచీ వాడితో మాకు ఒక గొడవ నడుస్తా ఉంది. క్లబ్బులో భోజనం అంటే 'నాకు ఆకలి లేదు' అంటాడు. ఊళ్ళో పీతల హోటలుకు పోదామంటే 'పడవలోనే వండుకుందాం' అంటాడు. సంచీలో రాగిపిండి, చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు తెచ్చుకున్నాడు. మేము పిసినారి అని ఏడిపించినాం, మూడు రోజులు. నా దగ్గర ఖర్చులు పంచే యాప్ ఉంది కదా, అందరూ వాడతారు. బాడుగ మార్చిలోనే కట్టేసినాం, మిగతా ఖర్చులన్నీ నేనే కార్డు గీకి, ఎవరు ఎంతివ్వాలో అందులో ఎక్కిస్తా ఉన్నా. పెనుకొండోడి పేరు పక్కన 212 డాలర్లు, ఎర్రరంగులో. మూడోరోజు పొద్దున నేను ఒక బటన్ నొక్కినా. గుర్తుచేసే బటన్. వాడు నా ఎదురుగా టీ కాస్తా ఉన్నాడు, జేబులో ఫోన్ టింగ్‌మనింది. తీసి చూసి, మళ్ళా జేబులో పెట్టుకున్నాడు. టీ గ్లాసు నా చేతికిచ్చినాడు.

ఆరోజు మా దారి శానా పొడవు. సెయింట్ మైకేల్స్ నుంచి బయటికొచ్చి, దక్షిణానికి దిగి, నాప్స్ నారోస్ అనే సన్నటి కాలువ గుండా దాటి, చాప్‌టాంక్ నదిలోకి, అక్కడ్నుంచి ఆక్స్‌ఫర్డ్ అనే ఊరికి. 1683లోనే బల్లకట్టు మొదలైన ఊరది. అక్కడి క్లబ్బులో ఆరున్నరకు నలుగురికి భోజనం బుక్ చేసింటి, డబ్బు ముందే కట్టింటి. కాలువ మీద ఎత్తే బ్రిడ్జి ఉంది. రేడియోలో 13వ ఛానెల్‌లో అడిగితే ఎత్తుతారు. నేనే అడిగినా. మన ఇంగ్లీషు వాళ్ళకు ఒక్కసారికే అర్థమైంది, బ్రిడ్జి లేచింది, రోడ్డు మీద కార్లన్నీ మా కోసం ఆగినాయి. ఆ వీడియో మా అమ్మకు పంపితే, 'కలెక్టరు కారు ఆపినట్టు ఆపినారే' అనింది.

కాలువ దాటేసరికి మధ్యాహ్నం మూడున్నర. పడమట ఆకాశం నల్లగా లేస్తా ఉంది. చెసపీక్‌లో ఎండాకాలం సాయంత్రాలు ఉరుముల వానలు మామూలే, మన మే నెల వానల్లాగే, ముందు ఉక్క, తర్వాత ఒక్కసారిగా. రేడియోలో వాతావరణ హెచ్చరిక కూడా వచ్చింది. ధర్మవరమోడు మ్యాపు చూసి, 'పక్కనే డన్ కోవ్ ఉంది, చుట్టూ చెట్లు, లోపలికి పోయి లంగరు వేద్దాం' అన్నాడు. నేను ఊరుకోలేదు. ఇంకా రెండు గంటలే కదా, ఇంజన్ వేసుకుని పోదాం, భోజనం డబ్బు పోతుంది, మళ్ళా రేపటి ప్లానంతా... గట్టిగానే అరిచినా. హిందూపురమోడు కూడా నా పక్కే. అప్పుడు పెనుకొండోడు అన్నాడు, 'నా ప్లేటు డబ్బు ఎట్లాగూ నేను ఇచ్చుకోలేనప్పా, వానలో తడిసి పోయి తినేది ఎందుకు?' నేను దాన్ని కూడా వెక్కిరింత అనుకున్నా. ధర్మవరమోడు మా ఇద్దరి మాటా వినలేదు. పడవలో కెప్టెన్ ఒకడే ఉంటాడు, ఆ పొద్దు వాడు. చుక్కాని తిప్పేసినాడు.

చాపలు దించినాం, లైఫ్ జాకెట్లు బిగించినాం. లంగరు వేసేది నా పని. ఎంత గొలుసు వదలాలో లెక్కుంది. నీటి లోతు 8 అడుగులు, నీటి మట్టం నుంచి పడవ ముక్కు 4 అడుగుల ఎత్తు, కలిపి 12. మామూలప్పుడు దానికి ఐదు రెట్లు, అంటే 60 అడుగులు. గాలివాన వస్తుందంటే ఏడు రెట్లు, 84. నేను కోపంలో 60 దగ్గరే ఆపేసినా. మొదటి గాలి దెబ్బ తగలంగానే చెట్లు మా నుంచి దూరం పోతా ఉండాయి. చెట్లు కదలవు కదా, మేమే కొట్టుకుపోతుండాం, లంగరు బురదలో దున్నుకుంటా వస్తోంది. ఎనకాల ఇంకో పడవ ఆగి ఉంది, అందులో పిల్లలున్నారు. ధర్మవరమోడు ఇంజన్ ముందుకు తోస్తుండాడు, నేను ముక్కు మీద పడుకుని గొలుసు లాగుతుండా, చేతులు జారుతుండాయి, వాన రాళ్ళతో కొట్టినట్టు కొడతా ఉంది. పెనుకొండోడు వచ్చి నా పక్కన పడుకుని గొలుసు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి పైకి లాగి, మళ్ళా వేసి, ఈసారి 84 కాదు, ఉన్నంతా వదిలినాం. పట్టింది. ఎనకాల పడవకు మాకు మధ్య మహా అంటే రెండు పడవల దూరం మిగిలింది.

ఆ వాన అరగంట ఉంది, అంతే. నదిలో ఉండింటే ఏమయ్యేదో నేను ఊహించి చెప్పను. నేను గొలుసు తక్కువ వదిలింది మాత్రం నిజం.

రాత్రి అందరం తడి బట్టలు విప్పి, దుప్పట్లు కప్పుకుని లోపల కూర్చున్నాం. పెనుకొండోడు సంగటి కెలికినాడు, ఊరిబిండి నూరేదానికి రోలు లేదు కాబట్టి గ్లాసు అడుగుతో దంచినాడు. తింటా తింటా చెప్పినాడు. ఉద్యోగం పోయిందని. ఇరవైతొమ్మిది రోజులైందని. హెచ్-1బి మీద ఉన్నోళ్ళకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కునేదానికో, సర్దుకుని పోయేదానికో ఇచ్చేది మహా అంటే 60 రోజులు. 'ఇంకా ముప్పై ఒకటి ఉంది' అన్నాడు. మార్చిలో బాడుగ కట్టేసినాం కాబట్టి, వెనక్కి రాదు కాబట్టి, వాడి భార్యే 'పోయి రా, ఇంట్లో గోడలు చూస్తా కూర్చుంటే ఏమొస్తుంది' అని పంపించిందంట. పెనుకొండలో అమ్మానాయనకు ఇంకా చెప్పలేదు.

హిందూపురమోడు అంత సేపు మాట్లాడకుండా ఉండడం నేను అదే మొదటిసారి చూసింది. నాకైతే చేతిలో ముద్ద లోపలికి పోలేదు. పొద్దున నొక్కిన బటన్ ఒకటే కళ్ళ ముందర. నేను గంటల లెక్క రంగులేసి రాసుకుంటా ఉంటే, వాడు రోజుల లెక్క ఎవరికీ చెప్పకుండా మనసులో పెట్టుకుని డేగ పిల్లల్ని చూస్తా కూర్చున్నాడు.

ఫోన్ తీసి యాప్‌లో వాడి పేరు మీదున్నవన్నీ తుడిపేసినా. మంచి పని చేస్తున్నా అనుకున్నా. నాకు తెలీదు, తుడిపేస్తే వాళ్ళకు కూడా మెసేజ్ పోతుందని. వాడి ఫోన్ వరసగా టింగ్, టింగ్, టింగ్. చూసుకుని నా మొహం వైపు చూసినాడు. 'మళ్ళా ఎక్కించు' అన్నాడు. నేను ఏదో అనబోతే, 'ఎక్కించు రా' అన్నాడు. ఒక్కొక్కటీ మళ్ళా ఎక్కించినా, వాడి ముందరే. 212.

మర్నాడు ఆక్స్‌ఫర్డ్ పోయినాం, పద్నాలుగు గంటలు లేటుగా. భోజనం డబ్బు పోయింది, క్లబ్బులో వేడి నీళ్ళ స్నానం మాత్రం దొరికింది. ఆ సాయంత్రం వాళ్ళ వరండాలో నలుగురం కూర్చుని పెనుకొండోడి రెజ్యూమె దిద్దినాం, ఎవరెవరికి ఫోన్ చెయ్యాలో పేర్లు రాసుకున్నాం. ఐదో రోజు మొత్తం గాలి మా వెనక నుంచే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క చాప కూడా మార్చకుండా అన్నాపొలిస్ చేరినాం. ఆరోజు షీటు ఎవరూ తెరవలేదు.

ముప్పై ఒక్క రోజుల్లో ఉద్యోగం దొరకలేదు. దొరికిందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. నాలుగు ఇంటర్వ్యూలు చివరి దాకా పోయినాయి. పిల్ల బడి, కారు, ఫర్నిచరు, అన్నీ సర్దుకుని పెనుకొండ వచ్చేసినాడు. ఇప్పుడు బెంగళూరులో చేస్తుండాడు, వారంలో రెండు రోజులు పోయి వస్తాడు. జీతం తక్కువ. వాళ్ళ నాయన రోజూ సాయంత్రం మనవరాల్ని కోట దాకా నడిపించుకుని పోతాడంట. 212లో ఇంకా నలభై ఇవ్వాల నాకు. ఎందుకు నవ్వుతావప్పా, కెమెరా ఊగుతోంది.

మన దగ్గర ఇట్లాంటిది చెయ్యొచ్చా అని మా ఊరి పిల్లలు అడుగుతుండారు. ఐదు రోజులు క్లబ్బు నుంచి క్లబ్బుకు పోయేది మన ఆంధ్ర తీరంలో ఇప్పటికి కుదరదు. 974 కిలోమీటర్ల తీరమని బడిలో చదువుకున్నాం, రేవులున్నాయి, చేపల జెట్టీలున్నాయి, బయటి పడవ వచ్చి ఒక రాత్రి కట్టుకుని స్నానం చేసి పోయే క్లబ్బుల వరస లేదు. దేశంలో పాత క్లబ్బులు లేక కాదు. బొంబాయి రాయల్ యాట్ క్లబ్బు 1846 నాటిది, మద్రాసుది 1911. కానీ నేర్చుకునేదానికి సముద్రమే అక్కర్లేదు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఉంది, పేదింటి పిల్లలకు కూడా నేర్పుతారు, ఆ పిల్లలు జాతీయ పోటీల్లో పతకాలు తెస్తుండారు. బుద్ధుని విగ్రహం చుట్టూ తెల్ల చాపలు తిరగడం మీరు చూసే ఉంటారు, ట్యాంక్‌బండ్ మీద సెల్ఫీ తీసుకునేటప్పుడు.

ఆడపిల్లలు అడిగితే నేను చెప్పేది తారిణి గురించి. మన నేవీ పడవ, 55 అడుగులది. ఆరుగురు ఆడ ఆఫీసర్లు 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చినారు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్‌లో ఆగినారు, స్టీరింగు చెడిపోతే మారిషస్‌లో కూడా. ఆ ఆరుగురిలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్య బొడ్డపాటిది హైదరాబాదు. మేము 84 అడుగుల గొలుసు సరిగ్గా వదల్లేక ఏడ్చినాం, వాళ్ళు కేప్ హార్న్ తిరిగొచ్చినారు.

ఈత రావాలా అని ఇంకో ప్రశ్న. రావాల. లైఫ్ జాకెట్ ఉన్నా రావాల. నేను నేర్చుకున్నది మా పెద్దనాయన బావిలో, నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని. ఇప్పుడు ఆ బావిలో నీళ్ళు లేవు, మా పిల్లలకు హిందూపురంలో యాడన్నా నేర్పించాల.

రేపు వీరాపురం పోతుండాం, పక్షులు వచ్చినాయంట. పెనుకొండోడు పెద్ద లెన్సు తెచ్చినాడు. బ్యాటరీ అయిపోతోందని సైగ చేస్తుండాడు, ఉంటాం మరి.